ఐరన్ క్లోరైడ్ల ద్రావణోష్ణం కొలవడం ఎలా: నమూనా శుద్ధి నుంచి హెస్ లెక్క దాకా

ఫెర్రిక్ క్లోరైడ్ (FeCl₃) ద్రావణోష్ణాన్ని, అంటే అది కరిగేటప్పుడు వెలువడే ఉష్ణాన్ని, అయిదు సార్లు కొలిస్తే అయిదు రకాల విలువలు వస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు. అలాంటప్పుడు అందరూ ముందు ఉష్ణాన్ని కొలిచే పరికరాన్నే, అంటే కెలోరిమీటర్‌నే అనుమానిస్తారు. తప్పు మాత్రం చాలాసార్లు సీసాలోనే ఉంటుంది. మూత తీసిన మరుక్షణం నుంచి ఈ లవణం గాలిలోని తేమను లాక్కుంటుంది. పీల్చిన నీటి ఉష్ణం అక్కడే విడుదలైపోతుంది కాబట్టి మీ పరికరం దాన్ని ఎప్పటికీ చూడదు.

ఇదెంత నష్టమో లెక్క వేయండి. 1 గ్రాము అనార్ద్ర (నీరు లేని) ఫెర్రిక్ క్లోరైడ్‌లో 1 శాతం నీరు చేరిందనుకుందాం. తూకంలో 1 శాతం తప్పు ఎలాగూ వస్తుంది. దానికి తోడు, అప్పటికే కొంత ఆర్ద్రీకరణ (లవణం నీటిని కలుపుకోవడం) జరిగిపోయింది కాబట్టి ఇంకో 1 శాతం పైగా ఉష్ణం తగ్గుతుంది. రెండూ కలిపి 2 శాతం దాటతాయి. మంచి కెలోరిమీటర్ అనిశ్చితి 0.2 శాతం లోపే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం నమూనా గురించే.

1. ఏ చర్యను కొలుస్తున్నారో ముందు రాసుకోండి

ఫెర్రిక్ క్లోరైడ్‌ను శుద్ధమైన నీటిలో కరిగించి కొలవడం అందరికీ తట్టే మార్గం. దాని జోలికి వెళ్లకండి. నీటిలో ఫెర్రిక్ అయాన్ జలవిశ్లేషణ చెందుతుంది, అంటే నీటితోనే చర్య జరుపుతుంది. ఆ తర్వాత హైడ్రాక్సో సంశ్లిష్టాలు ఒకదానితో ఒకటి నెమ్మదిగా జతకట్టుకుంటూ పోతాయి. ఉష్ణోగ్రత రేఖ గంటల తరబడి నిలకడకు రాదు. చర్య ఎక్కడ ముగిసిందో చెప్పలేనప్పుడు కొలిచిన ఉష్ణం దేనిదో కూడా చెప్పలేం.

లీటరుకు 1 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ద్రావణిగా తీసుకోండి. జలవిశ్లేషణ మొదటి మెట్టు పీకే (సమతాస్థిరాంకపు రుణ సంవర్గమానం) విలువ సుమారు 2.2. అంటే ఇంత ఆమ్లంలో జలవిశ్లేషణ చెందే భాగం 1 శాతం లోపే. దీనికి ఒక మూల్యం ఉంది. ఫెర్రిక్ అయాన్‌లో ఎక్కువ భాగం క్లోరైడ్‌తో సంశ్లిష్టాలు కడుతుంది, ఆ చర్య ఉష్ణగ్రాహకం, అంటే ఉష్ణాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి మీకు వచ్చే విలువ, పట్టికల్లోని అయాన్ల విలువలతో లెక్కగట్టిన −150 కిలోజౌల్/మోల్ కంటే తక్కువ పరిమాణంలో ఉంటుంది. అది పొరపాటు కాదు. ఆమ్ల గాఢత చెప్పకుండా ద్రావణోష్ణం రాస్తేనే పొరపాటు.

ఇక్కడ కొలిచేవి రెండు:

- అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్ + ఆమ్లం → ద్రావణం
- ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ (ఆరు నీటి అణువులు కలిసిన లవణం) + ఆమ్లం → అదే ద్రావణం

రెండింటి తేడాయే ఆర్ద్రీకరణోష్ణం. చివరి ద్రావణం ఒకటే అయితే సంశ్లిష్టాలు, మిగిలిన జలవిశ్లేషణ అన్నీ రెండు వైపులా కొట్టేసుకుంటాయి. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది.

2. సరంజామా

- 300 మి.లీ. డ్యూవార్ పాత్ర (థర్మాస్ లాంటి ఉష్ణనిరోధక పాత్ర), బిగుతైన మూత. పాత్ర మొత్తం మునిగేలా 25.00 °సె వద్ద నీటి తొట్టి.
- 25 °సె వద్ద 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్ (ఉష్ణోగ్రతను బట్టి నిరోధం మారే సెన్సర్). 0.0005 డిగ్రీల తేడా పట్టగల కొలత వ్యవస్థ.
- గాజు తొడుగులో 50 ఓమ్‌ల హీటర్. కరెంటుకు రెండు తీగలు, వోల్టేజి కొలవడానికి విడిగా మరో రెండు.
- గాజు లేదా టెఫ్లాన్ కలియతిప్పే కడ్డీ, నిమిషానికి 300–400 చుట్లు తిరిగే నిలకడైన మోటారు.
- నమూనాను మూసి ఉంచడానికి పలుచటి గోడల చిన్న గాజు సీసాలు, అంటే ఆంపూళ్లు (3 మి.లీ.), కొలత సమయంలో వాటిని ఆమ్లంలో పగలగొట్టే గాజు మొన.
- ఆర్గాన్ గ్లవ్ బాక్స్ (చేతి తొడుగుల ద్వారా లోపల పనిచేసే మూసిన పెట్టె), తేమ 1 పీపీఎం లోపు. లోపలే 0.1 మి.గ్రా. త్రాసు.

ద్రావణంలో మునిగే చోట లోహం ఉండకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు సహా. ఆమ్లంలోని ఫెర్రిక్ అయాన్ దాన్ని కొరుకుతుంది. ఆ చర్యకూ ఉష్ణం ఉంటుంది, అదీ మీ లెక్కలోకే వచ్చిపడుతుంది.

3. నమూనా తయారీ

3.1 అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్

హెక్సాహైడ్రేట్‌ను వేడి చేసి నీరు పోగొడదామన్న ఆలోచన మానుకోండి. అది 37 °సె దగ్గర తన స్ఫటిక జలంలోనే కరుగుతుంది. ఇంకా వేడి చేస్తే నీటితో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా పోతుంది. చివరికి ఆక్సీక్లోరైడ్, ఆక్సైడ్ మిగులుతాయి. థయోనిల్ క్లోరైడ్‌తో నీటిని తొలగించవచ్చు కానీ దాని జాడలు నమూనాలో మిగలకుండా చూడటం మరో పని.

నికరమైన దారి ఉత్పతనం (ఘనం నేరుగా బాష్పమై చల్లని చోట మళ్లీ స్ఫటికాలవడం):

1. వాణిజ్య అనార్ద్ర లవణాన్ని గ్లవ్ బాక్స్‌లో క్వార్ట్జ్ గొట్టంలోకి వేయండి.
2. గొట్టాన్ని ఫ్యూమ్ హుడ్‌లోని కొలిమిలో అమర్చి, పొడి క్లోరిన్‌ను నెమ్మదిగా పంపండి. బయటికి వచ్చే వాయువు సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గుండా పోవాలి. క్లోరిన్ విషవాయువు. దానితో పనిచేయడంలో శిక్షణ లేనివారు ఈ మెట్టు ఒంటరిగా చేయకూడదు.
3. లవణం ఉన్న చోట 220–300 °సె ఉంచండి. చల్లని భాగంలో స్ఫటికాలు పేరుకుంటాయి.
4. మొదట వచ్చిన కొద్ది భాగాన్నీ, అడుగున మిగిలిన మడ్డినీ వదిలేయండి. మధ్య భాగాన్నే మరోసారి ఉత్పతనం చేయండి.
5. చల్లారాక ఆర్గాన్ పంపి క్లోరిన్‌ను పూర్తిగా తరిమి, గ్లవ్ బాక్స్‌లోకి మార్చండి.

క్లోరిన్ బదులు శూన్యంలో చేస్తే చాలదా? చాలదు. వేడికి ఫెర్రిక్ క్లోరైడ్ కొంత ఫెర్రస్ క్లోరైడ్ (FeCl₂)గా, క్లోరిన్‌గా విడిపోతుంది. శూన్యం ఆ క్లోరిన్‌ను లాగేస్తూ ఉంటే వియోగం ఇంకా ముందుకు సాగుతుంది. పైన క్లోరిన్ పీడనం ఉంటే అది వెనక్కి తగ్గుతుంది.

మంచి స్ఫటికాలు వాటి మీద పడిన వెలుగులో ముదురు ఆకుపచ్చగా, వెలుగుకు అడ్డుగా పట్టుకుంటే ఊదా ఎరుపుగా కనిపిస్తాయి. పసుపు పచ్చని పొడి అంటుకుని ఉంటే తేమ తగిలినట్టే.

3.2 హెక్సాహైడ్రేట్

దీని ఇబ్బంది ఇంకో రకం. తేమ ఎక్కువైతే చెమ్మగిల్లుతుంది. డెసికేటర్‌లో గట్టిగా ఆరబెడితే ఆరు కంటే తక్కువ నీటి అణువులున్న హైడ్రేట్లుగా మారుతుంది. ఓవెన్ సంగతి సరేసరి. స్ఫటికాలను వడపోత కాగితాల మధ్య ఒత్తి తేమ తీసి, వెంటనే బిగుతు సీసాలో పెట్టండి. నీటి అణువులు సరిగ్గా ఆరే ఉన్నాయని నమ్మవద్దు. ఇనుము శాతం కొలిచి, ఆ విలువతో మోల్స్ లెక్క వేయండి.

3.3 విశ్లేషణ

ఉండవలసిన శాతాలు (భారం ప్రకారం):

- అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్: ఇనుము 34.43, క్లోరిన్ 65.57
- హెక్సాహైడ్రేట్: ఇనుము 20.66
- అనార్ద్ర ఫెర్రస్ క్లోరైడ్: ఇనుము 44.06, క్లోరిన్ 55.94

మొత్తం ఇనుముకు స్టానస్ క్లోరైడ్‌తో క్షయకరించి, మిగులును మెర్క్యూరిక్ క్లోరైడ్‌తో తీసేసి, పొటాషియం డైక్రోమేట్‌తో టైట్రేషన్ చేయండి. పాదరసం ఉన్న ఆ వ్యర్థాన్ని సింకులో పోయకండి. క్షయకరణం లేకుండా నేరుగా డైక్రోమేట్‌తో టైట్రేషన్ చేస్తే నమూనాలో అప్పటికే ఉన్న ఫెర్రస్ భాగం తెలుస్తుంది. క్లోరిన్‌ను సిల్వర్ క్లోరైడ్‌గా తూచండి.

క్లోరిన్ శాతం ఎప్పుడూ తక్కువే వస్తోందంటే కరిగించే తీరు చూసుకోండి. తెరిచిన బీకరులో నీళ్లు పోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ పొగై పోతుంది. చల్లని విలీన నైట్రిక్ ఆమ్లంలో, మూత బిగించిన ఫ్లాస్కులో కరిగించండి.

నీటిశాతానికి కార్ల్ ఫిషర్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఫెర్రిక్ అయాన్ ఆ కారకంలోని అయొడైడ్‌ను అయొడిన్‌గా మారుస్తుంది. అందుకని నీరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. తడి నమూనాకు పొడి నమూనా అని సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇది. ఇనుము, క్లోరిన్ శాతాల మొత్తం నూటికి ఎంత తగ్గిందో చూడటమే మేలు.

నమూనా ఎప్పుడు ఆమోదించాలి:

- క్లోరిన్, ఇనుము మోల్ నిష్పత్తి 2.99–3.01
- రెండు శాతాల మొత్తం 99.8 పైన
- ఫెర్రస్ భాగం మొత్తం ఇనుములో 0.1 శాతం లోపు
- ఆమ్లంలో కరిగిస్తే మడ్డి మిగలకూడదు

4. ఆంపూల్ నింపడం

1. ఖాళీ ఆంపూల్‌ను, దాని మూతగొట్టంతో సహా, గ్లవ్ బాక్స్‌లోనే తూచండి. నింపాక మళ్లీ అక్కడే తూచండి. ఒకసారి గాలిలో, ఒకసారి ఆర్గాన్‌లో తూస్తే 3 మి.లీ. ఆంపూల్‌లోని వాయువు తేడాయే 1 మి.గ్రా. పైన ఉంటుంది.
2. పొడవాటి కాడ ఉన్న గరాటుతో 1.00 గ్రాము లవణం వేయండి. మెడ లోపలి గోడకు పొడి అంటకూడదు. అంటితే మంట తగిలినప్పుడు ఆక్సైడ్ అవుతుంది, అతుకు కూడా సరిగా పడదు.
3. సిలికోన్ గొట్టం, క్లిప్పుతో మూసి బయటికి తీయండి.
4. అడుగు భాగాన్ని తడిగుడ్డతో చల్లగా ఉంచుతూ, మెడను సన్నని మంటతో కరిగించి మూయండి.
5. ఒక రోజు అలాగే ఉంచి చూడండి. పొడిలో ఎక్కడైనా పసుపు కనిపిస్తే అతుకు కారుతోందన్నమాట. దాన్ని పక్కన పెట్టేయండి.

గ్లవ్ బాక్స్‌లో పొడి ఎగిరే పని తక్కువ చేయండి. క్లోరైడ్ పొగలు ఆక్సిజన్‌ను తొలగించే రాగి ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. ఈ లవణం తెచ్చినందుకు మిగతా సహోద్యోగులు మిమ్మల్ని తిట్టుకునేది సాధారణంగా అప్పుడే.

5. కెలోరిమీటర్‌ను సరిచూడటం

విద్యుత్ క్రమాంకనం (తెలిసినంత ఉష్ణం ఇచ్చి పరికరాన్ని సరిచూడటం) ప్రతి కొలతకు ముందు, తర్వాత చేయాలి. 50 ఓమ్‌ల హీటర్‌లో 0.3 ఆంపియర్ పంపితే 4.5 వాట్లు. 180 సెకన్లకు 810 జౌళ్లు, అంటే అనార్ద్ర నమూనా ఇచ్చే ఉష్ణానికి దాదాపు సమానం. ఉష్ణోగ్రత పెరుగుదల కూడా రెండింటిలో దగ్గరగా ఉంటే పరికరంలోని చిన్న వంకరలు రద్దవుతాయి.

పరికరం మొత్తం మీద సరిగా ఉందని చూపేది మాత్రం రసాయన ప్రమాణమే:

- ట్రిస్ (ఒక కర్బన క్షారం): 1.25 గ్రా. తీసుకుని, లీటరుకు 0.1 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 250 మి.లీ.లో, 25 °సె వద్ద. గ్రాముకు −245.76 జౌళ్లు రావాలి.
- పొటాషియం క్లోరైడ్: 2.07 గ్రా., 250 గ్రా. నీటిలో (మోల్‌కు 500 మోల్స్ నీరు). మోల్‌కు +17.58 కిలోజౌళ్లు రావాలి.

మొదటిది ఉష్ణమోచకం, రెండోది ఉష్ణగ్రాహకం. ఒకటి 0.3 శాతం ఎక్కువ, మరొకటి 0.3 శాతం తక్కువ పరిమాణంలో వస్తే ప్రతిసారీ ఒకే దిశలో వచ్చి చేరే ఉష్ణం ఏదో ఉంది. కలియతిప్పే వేగం, ఆంపూల్ పగిలే ఉష్ణం చూడండి. రెండూ ఒకే శాతం తక్కువగా వస్తే విద్యుత్ కొలతను అనుమానించండి.

ఖాళీ ఆంపూళ్లు కనీసం అయిదు పగలగొట్టి, ఆ ఉష్ణం సగటు కట్టండి. అది చిన్నదే కానీ హెక్సాహైడ్రేట్ కొలతలో కనిపించేంత.

6. కొలత క్రమం

1. పాత్రలో 250 మి.లీ. ఆమ్లాన్ని తూచి పోయండి. అనార్ద్ర నమూనా అయితే 0.666 గ్రా. నీరు అదనంగా కలపండి. హెక్సాహైడ్రేట్ తనతో తెచ్చే నీరు సరిగ్గా అంతే. అప్పుడే చివరి ద్రావణాలు రెండూ ఒకటవుతాయి.
2. ఆంపూల్‌ను అమర్చి, కలియతిప్పడం మొదలుపెట్టి, 45 నిమిషాలు వదిలేయండి.
3. ప్రారంభ ఉష్ణోగ్రతను 24.6 °సె దగ్గర ఉంచండి. అనార్ద్ర నమూనా సుమారు 0.8 డిగ్రీలు పెంచుతుంది కాబట్టి 25 °సె మధ్యలో పడుతుంది. హెక్సాహైడ్రేట్‌కు 24.9 చాలు.
4. ముందు విద్యుత్ క్రమాంకనం చేసి, పాత్రను మళ్లీ ప్రారంభ ఉష్ణోగ్రతకు తీసుకురండి.
5. 15 నిమిషాలపాటు, ప్రతి 5 సెకన్లకు ఉష్ణోగ్రత నమోదు చేయండి. రేఖ సూటిగా ఉంటేనే ముందుకు వెళ్లండి.
6. ఆంపూల్ పగలగొట్టండి. సుమారు 20 నిమిషాలు నమోదు కొనసాగించండి.
7. రెండో క్రమాంకనం చేయండి. మొదటిదానితో 0.1 శాతంలోపు కలవాలి.
8. పాత్ర తెరిచి ద్రావణాన్ని వడకట్టండి. గాజు ముక్కల మధ్య ఎర్రటి గోధుమరంగు మడ్డి ఉంటే ఆ కొలత పనికిరాదు.

ఒక్కో లవణానికి కనీసం అయిదు కొలతలు. అయిదూ ఒకే రోజు, ఒకే ఉత్పతన భాగంతో చేయకండి. రెండు వేర్వేరు తయారీల నమూనాలు వాడితేనే నమూనా వల్ల వచ్చే తేడా బయటపడుతుంది.

7. లెక్క

ముందు సూటి రేఖను ముందుకీ, తర్వాతి సూటి రేఖను వెనక్కీ పొడిగించండి. పెరుగుదలలో 63 శాతం పూర్తయిన క్షణం వద్ద నిలువు గీత గీయండి. ఆ గీత మీద రెండు రేఖల మధ్య దూరమే సవరించిన పెరుగుదల. పగలగొట్టిన క్షణం వద్ద గీస్తే ఉష్ణనష్టం సవరణ తప్పుతుంది.

లెక్క తీరు చూపడానికి ఒక ఉదాహరణ, అంకెలు అందుకోసమే:

- లవణం 1.0032 గ్రా. ÷ 162.20 = 0.006185 మోల్
- పాత్ర ఉష్ణధారణ 1062 జౌళ్లు/కెల్విన్, సవరించిన పెరుగుదల 0.780 కెల్విన్
- ఉష్ణం 828.4 జౌళ్లు, ఆంపూల్ పగిలిన ఉష్ణం 0.4 తీసేస్తే 828.0
- ద్రావణోష్ణం = −133.9 కిలోజౌల్/మోల్

హెక్సాహైడ్రేట్ 1.6718 గ్రా. ÷ 270.30 అన్నా అదే 0.006185 మోల్. పెరుగుదల 0.146 కెల్విన్ అయితే ఇదే దారిలో −25.0 వస్తుంది.

హెస్ నియమం (దారి ఏదైనా మొత్తం ఉష్ణ మార్పు ఒకటే) ప్రకారం ఆర్ద్రీకరణోష్ణం = −133.9 − (−25.0) = −108.9 కిలోజౌల్/మోల్.

దీన్ని పట్టికలతో పోల్చుకోవచ్చు. సంఘటనోష్ణాలు (మూలకాల నుంచి ఒక మోల్ ఏర్పడేటప్పటి ఉష్ణం) అనార్ద్ర లవణానికి −399.5, ద్రవ నీటికి −285.8, హెక్సాహైడ్రేట్‌కు −2223.8 కిలోజౌల్/మోల్. వీటి నుంచి −109 వస్తుంది. మీది −104 వస్తే కెలోరిమీటర్ విప్పకముందు అనార్ద్ర నమూనా క్లోరిన్ శాతం మళ్లీ చూడండి.

శాతంలో చూస్తే అనిశ్చితి హెక్సాహైడ్రేట్ కొలతలోనే ఎక్కువ. 0.146 డిగ్రీలో 0.0005 అంటే 0.3 శాతం పైన. అయినా కంగారు అక్కర్లేదు, 25 కిలోజౌళ్లలో 0.3 శాతం అంటే 0.1 కంటే తక్కువే. మొదటి కొలతలో అదే 0.3 శాతం 0.4 కిలోజౌళ్లు తినేస్తుంది.

8. తరచూ వచ్చే తప్పులు

పగలగొట్టాక రేఖ సూటిగా మారడం లేదు. ఆమ్లం పలుచగా ఉంది, లేదా లవణం గడ్డకట్టి నెమ్మదిగా కరుగుతోంది. గాఢతను టైట్రేషన్‌తో చూడండి. గడ్డలను గ్లవ్ బాక్స్‌లో నూరండి.

విలువలు కొలత కొలతకూ ఒకే దిశలో తగ్గుతున్నాయి. తెరిచిన సీసా నుంచి వరుసగా ఆంపూళ్లు నింపారు. అన్నింటినీ ఒకే విడతలో నింపండి.

క్రమాంకనం ముందు, తర్వాత తేడాగా ఉంది. మూత దగ్గర ఆవిరవుతోంది, లేదా ద్రావణం మట్టం మారింది. మూత రబ్బరు మార్చండి.

ఆంపూల్ పగిలిన క్షణంలో సూదిలాంటి ఎత్తు. గాజు ముక్కో, కరగని లవణమో థర్మిస్టర్‌కు తగిలింది. పగలగొట్టే చోటును థర్మిస్టర్‌కు ఎదురు వైపుకు మార్చండి.

9. ఫెర్రస్ క్లోరైడ్ అయితే మారేవి

దీనికి శత్రువులు ఇద్దరు, తేమ మాత్రమే కాదు, ఆక్సిజన్ కూడా. ఆమ్లాన్ని వాడేముందు అరగంట నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేయండి. పాత్రపై భాగాన్ని నైట్రోజన్‌తో నింపండి. అయాన్ల విలువలతో లెక్కగడితే మోల్‌కు సుమారు −82 కిలోజౌళ్లు. అంటే అదే 0.8 డిగ్రీల పెరుగుదలకు 1.35 గ్రా. కావాలి.

కొలత ముగిసిన ద్రావణంలో కొద్దిగా తీసి పొటాషియం థయోసయనేట్ చుక్క వేయండి. ఎర్రదనం స్పష్టంగా కనిపిస్తే ఫెర్రిక్ ఎంతుందో కొలిచి సవరించాలి, చిక్కగా ఉంటే ఆ నమూనాను వదిలేయాలి.

10. ద్రవీభవనోష్ణం, విశిష్టోష్ణం కూడా కావాలంటే

డీఎస్‌సీలో (నమూనాను వేడి చేస్తూ అది పీల్చే ఉష్ణాన్ని నమోదు చేసే పరికరం) మామూలు అల్యూమినియం పళ్లేలు వాడకండి. వేడి ఫెర్రిక్ క్లోరైడ్ అల్యూమినియాన్ని క్లోరైడ్‌గా మార్చేస్తుంది. తెరపై కనిపించే పెద్ద శిఖరం ద్రవీభవనానిది కాదు, మీ పళ్లెం కరిగిపోతున్నదానిది. పరికరం లోపలి భాగాలూ పోతాయి.

మూసిన చిన్న క్వార్ట్జ్ ఆంపూళ్లు వాడండి. ఇండియం (156.6 °సె), జింక్ (419.5 °సె) క్రమాంకనం కూడా అవే ఆంపూళ్లలో చేయండి. క్వార్ట్జ్ ఉష్ణాన్ని నెమ్మదిగా పంపుతుంది కాబట్టి నిమిషానికి 5 డిగ్రీలు మించవద్దు.

ఫెర్రిక్ క్లోరైడ్ 307 °సె దగ్గర కరుగుతుంది, 316 దగ్గరే మరుగుతుంది. కాబట్టి కరిగేటప్పటికే ఆంపూల్‌లో దాదాపు ఒక వాతావరణ పీడనం బాష్పం ఉంటుంది, ఎక్కువగా రెండు అణువులు జతకట్టిన రూపంలో. 0.05 మి.లీ. ఖాళీ ఉంటే అందులోకి సుమారు 0.3 మి.గ్రా. బాష్పంగా పోతుంది. 20 మి.గ్రా. నమూనాలో అది 1.7 శాతం. ఖాళీని తగ్గించండి, దాని ఘనపరిమాణం కొలిచి సవరించండి.

ఫెర్రస్ క్లోరైడ్ 677 °సె దగ్గర కరుగుతుంది, ఆ ఉష్ణోగ్రతలో బాష్పం ఇబ్బంది చాలా తక్కువ. దీనికి అల్యూమినియం (660.3 °సె) ప్రమాణాన్ని క్రమాంకనంలో చేర్చండి, కానీ అది క్వార్ట్జ్‌కు తగలకుండా అల్యూమినా మూసలో పెట్టండి.

తక్కువ ఉష్ణోగ్రతల విశిష్టోష్ణం నుంచి ఎంట్రోపీ కట్టాలంటే అయస్కాంత పరివర్తనాన్ని దాటేయకండి. ఫెర్రస్ క్లోరైడ్‌లో అది 24 కెల్విన్ దగ్గర, ఫెర్రిక్‌లో 10 కెల్విన్ దగ్గర వస్తుంది. ఆ చుట్టుపక్కల అడుగు 0.2 కెల్విన్ కంటే పెద్దదైతే శిఖరం మొన తెగిపోతుంది, దాని కింది ఎంట్రోపీ కూడా లెక్కలో పడదు. నమూనా పాత్ర రాగిదైతే లోపల బంగారు పూత తప్పనిసరి. సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తినిపించేది ఈ ఫెర్రిక్ క్లోరైడ్‌తోనే.